గుర్తుల వెనుక పేర్లు

బరంపురంలో తెలుగువారింట పుట్టిన పిల్లకు ఒకే లోహానికి మూడు పేర్లు తెలుసు. ఇంట్లో అది ఇనుము. బజారులో ఒడియా దుకాణదారుతో మాట్లాడేటప్పుడు లుహా. ఇంగ్లీషు పాఠంలో ఐరన్. ఇన్ని తెలిసి కూడా సైన్సు పుస్తకం తెరచేసరికి తెల్లబోతుంది. అక్కడ ఇనుముకు గుర్తు ఎఫ్.ఇ. ఆ మూడు పేర్లలో ఏదీ ఆ అక్షరాలతో మొదలు కాదు. పోనీ, సోడియానికి 'ఎస్' అని రాస్తే అది గంధకం అవుతుంది, మార్కు పోతుంది. అందువల్ల చాలామంది పిల్లలు కారణం అడగకుండా గుర్తులను బట్టీపడతారు, పరీక్ష కాగానే మరచిపోతారు.

కారణం లేకపోలేదు. అది లాటిన్ భాషలో ఉన్నది. లాటిన్ ఒకప్పుడు రోము సామ్రాజ్యపు భాష. సామ్రాజ్యం పోయిన తరువాత కూడా యూరపు పండితులు శతాబ్దాల తరబడి ఆ భాషలోనే గ్రంథాలు రాశారు. మన దేశంలో వేరువేరు ప్రాంతాల పండితులు సంస్కృతంలో రాయలేదా? అది కూడా అటువంటిదే.

ఇంగ్లండు శాస్త్రవేత్త డాల్టన్ మూలకాలకు వృత్తాలు గీసి, వాటిలో చుక్కలు, గీతలు పెట్టి గుర్తులు కల్పించాడు. వాటిని అచ్చువేయడం కష్టం. స్వీడను దేశస్థుడైన బెర్జీలియస్ 1813–14 సంవత్సరాలలో బొమ్మలు మాని అక్షరాలు వాడమన్నాడు. లాటిన్ పేరులోని మొదటి అక్షరమే గుర్తు. రెండు పేర్లు ఒకే అక్షరంతో మొదలైతే మరొక అక్షరం చేరుతుంది.

ఇనుము లాటిన్‌లో ఫెర్రమ్, కనుక ఎఫ్.ఇ. బంగారం ఆరమ్, కనుక ఎ.యు. సీసం ప్లంబమ్, కనుక పి.బి. రోమనులు నీటి గొట్టాలను సీసంతో చేసేవారు. నేడు గొట్టాలు ప్లాస్టిక్‌వే అయినా వాటిని బాగుచేసే అతణ్ణి ప్లంబర్ అనే పిలుస్తున్నాం!

వెండి అర్జెంటమ్, గుర్తు ఎ.జి. ఈ మాట మనకు మరీ పరాయిది కాదు. సంస్కృతంలో వెండిని రజతం అంటారు. అర్జున శబ్దానికి తెల్లని అని అర్థం. ఈ మూడు మాటలూ తెలుపును, మెరుపును తెలిపే ఒకే పాత ధాతువు నుండి వచ్చినవని భాషాశాస్త్రజ్ఞులు చెబుతారు. తెలుగు వెండి ఆ వంశంలోది కాదు. అది వెన్నెలకు, వెలుగుకు చుట్టం. అయినా రెండు వంశాలవారూ ఆ లోహంలో చూసింది తెల్లదనాన్నే.

గంజాం జిల్లాలోని బెలగుంఠలో పనివారు ఒళ్లు కదిలించే ఇత్తడి చేపలను చేస్తారు. ఇత్తడిలో రాగి, తుత్తునాగం ఉంటాయి. రోమనులకు రాగి సైప్రస్ ద్వీపం నుండి వచ్చేది. ఆ ద్వీపం పేరే క్యుప్రమ్ అయింది. అందుచేత రాగి గుర్తు సి.యు.

ఇదే జిల్లాలో హుమ్మా దగ్గర సముద్రపు నీటిని మడులలో ఎండగట్టి ఉప్పు పండిస్తారు. ఆ ఉప్పులో సోడియం, క్లోరిన్ కలిసి ఉంటాయి. 1807లో హంఫ్రీ డేవీ విద్యుత్తు సాయంతో ఆ లోహాన్ని వేరుచేసి సోడియం అని పేరు పెట్టాడు. ఇంగ్లీషువారు ఆ పేరునే ఉంచుకొన్నారు. గుర్తు మాత్రం నేట్రియమ్ అనే పేరు నుండి వచ్చి ఎన్.ఎ. అయింది. ఈజిప్టులో ఎండిన సరస్సుల నుండి తీసే నేట్రాన్ అనే లవణం ఆ పేరుకు మూలం. పొటాసియం గుర్తు 'కె' కూడా ఇటువంటిదే. అది కేలియమ్. దాని మూలం మొక్కల బూడిదకు అరబ్బులు పెట్టిన పేరు. కాబట్టి లాటిన్ వేషం వేసుకొన్న మాటలన్నీ లాటిన్‌లోనే పుట్టలేదు. పాదరసానికి హెచ్.జి. అనే గుర్తునిచ్చిన హైడ్రార్జిరమ్ గ్రీకు మాటల కూర్పు. దాని అర్థం నీటివెండి.

ఛత్రపురం దగ్గర కడలి ఒడ్డున ఇసుక నుండి ఇల్మనైట్, మోనజైట్ వంటి ఖనిజాలను వేరుచేసే కర్మాగారం ఉన్నది. ఇల్మనైట్‌లో టైటానియం ఉంటుంది. అది గ్రీకు పురాణాలలోని టైటన్ల పేరు. మోనజైట్‌లో థోరియం ఉంటుంది. దానికి పేరు పెట్టినవాడు బెర్జీలియసే. తన ప్రాంతపు పురాణాలలో ఉరుములకు దేవుడైన థార్ పేరు తీసుకొని, చివర లాటిన్ తోక తగిలించాడు. దాని గుర్తు టి.హెచ్. ఇక్కడ మాత్రం పేరుకూ గుర్తుకూ పేచీ లేదు.