గోదాము పునాదిలో ఇనుప చువ్వల లెక్క

ధాన్యపు గోదాము కట్టదలచిన సంఘములవారు ఇనుము లెక్కను మేస్త్రీకే విడిచిపెట్టుట వాడుక. ఫుటింగు వెడల్పు, చువ్వ మందము, చువ్వల నడుమ ఎడము, ఇవి నేలను పరీక్షించి ఇంజనీరు నిర్ణయింపవలసినవి. నల్లరేగడిలో మఱియు ముఖ్యము. కాని పటము చేతికి వచ్చిన పిదప చువ్వ నిడివి కట్టుటకు కూడికయు తీసివేతయు తెలిసిన చాలును.

1500 మి.మీ. చదరపు ఫుటింగును గైకొందము. 12 మి.మీ. చువ్వలు, 150 మి.మీ. ఎడము, రెండు కొనలును 150 మి.మీ. పైకి వంపు. చువ్వకును కాంక్రీటు అంచునకును నడుమ విడువవలసిన మందమును కవరు అందురు. ఫుటింగులకిది 50 మి.మీ.కు తక్కువ కారాదని భారతీయ ప్రమాణము 456 (2000) విధించుచున్నది. ఇరుప్రక్కల దానిని తీసివేయగా 1400. రెండు వంపులు చేర్పగా 1700. మూల తిరుగుచోట కొలత కొంత కలిసివచ్చును గనుక వంపొక్కటికి చువ్వ మందమునకు రెండింతలు, అనగా 24 మి.మీ. తగ్గింపవలెను. నికరముగా 1652 మి.మీ.

ఇక సంఖ్య. 1400ను 150చే భాగింప 9కి పైబడును. 10 ఎడములని పట్టవలెను. పది ఎడములకు 11 చువ్వలు. కంచె గుంజలు పాతిన రైతునకు ఈ యొకటి యేల హెచ్చినదో చెప్పనక్కఱలేదు. రెండు దిశలకు 22. ఆరు ఫుటింగులకు 132.

అంగడిలో చువ్వ 12 మీటర్లు. ఒక్కొక్క దానికి 7 ముక్కలు వచ్చి 436 మి.మీ. మిగులును. కావున 19 చువ్వలు కొనవలెను. మందమును మందముచే హెచ్చించి 162చే భాగించినచో మీటరునకు ఎన్ని కిలోలో తెలియును. ఇచ్చట 0.889, మొత్తము 228 మీటర్లకు సుమారు 203 కిలోలు.

ఇవే కొలతలతో నేను చూచిన యొక పనిలో కవరు తీసివేయుట మఱచి ముక్కను 1752 మి.మీ.గా కోసిరి. చువ్వకు 7 ముక్కలు రాక 6 మాత్రమే వచ్చినవి. 22 చువ్వలు పట్టినవి. మూడు చువ్వలు, 32 కిలోల ఇనుము దండుగ. అంతతో పోలేదు. జాలిని గుంటలో దింపగా కొనలు మట్టిని తాకినవి. సిమెంటునందలి క్షారగుణము ఇనుమును తుప్పునుండి కాపాడును. మట్టి తగిలినచోట ఆ రక్షణ లేదు. తుప్పు ఇనుముకంటె ఎక్కువ చోటు ఆక్రమించి కాంక్రీటును పగులగొట్టును. మేస్త్రీ విసుగుకొన్నను, ఆరు గుంటలను నలువైపుల 50 మి.మీ. వెడల్పు చేయించితిమి. కాంక్రీటు ఖర్చు అదనము.

జాలి క్రిందను 50 మి.మీ. కవర్ బ్లాకులనే పెట్టింపుడు. ఇటుక ముక్కలు పనికిరావు. అవి నీటిని పీల్చి ఇనుమునకు అందించును.