మీ ఇంటికి వచ్చే విద్యార్థులు



నర్సింగు విద్యార్థిని మీవాళ్ళకు బి.పి. చూస్తుంటే "ఈ చిన్నపిల్లకేం తెలుసు?" అని కొందరు అడుగుతారు. అలా అడగడంలో తప్పులేదు. మదనపల్లె, పుంగనూరు, కుప్పం ప్రాంతాల పల్లెలకు కూడా వీరు శిక్షణలో భాగంగా వస్తుంటారు.

ఎందుకు వస్తారు?

జబ్బు గురించి పుస్తకం చెబుతుంది. జబ్బుమనిషి ఇల్లు ఎలా గడుస్తోందో ఇంటికి వెళ్తేనే తెలుస్తుంది. వేలూరులో డాక్టర్ ఐడా స్కడ్డర్ 1909లో నర్సుల శిక్షణను, 1918లో స్త్రీలకు వైద్యవిద్యను ప్రారంభించారు. ఆమె రోడ్డు పక్కన ఆగి పల్లెప్రజలకు వైద్యం చేసేవారు. మదనపల్లె ప్రాంతంలో క్షయ శానిటోరియం 1912లో మొదలైంది. ఆ ప్రాంతపు పల్లెల్లో 1950-55 మధ్య క్షయవ్యాధిపై పెద్ద పరిశీలన జరిగింది. 2022 నుండి ఎం.బి.బి.ఎస్. విద్యార్థులు కూడా మొదటి సంవత్సరంలోనే పల్లెల్లో కొన్ని కుటుంబాలను దత్తత తీసుకుంటున్నారు.

నేను నేర్చుకున్న పాఠం

కొన్నేళ్ళ క్రితం క్షయ ఉన్న ఒక తల్లికి మాత్రలిచ్చి, "ఆరు నెలలు మానకుండా వాడమ్మా" అని చెప్పి పంపాను. తర్వాత ఒక విద్యార్థిని ఆమె ఇంటికి వెళ్ళింది. మాత్రలు గూట్లో అలాగే ఉన్నాయి. "ఎందుకు మానేశావు పెద్దమ్మా?" అని అడిగితే, "మూత్రం ఎర్రగా పోతోంది, రక్తమేమోనని భయపడ్డాను" అన్నది. రిఫాంపిసిన్ మందుకు మూత్రం నారింజ రంగులో వస్తుందని నేను ముందుగా చెప్పలేదు. తప్పు నాది. మధ్యలో మానేస్తే క్రిములు మందులకు లొంగకుండా పోవచ్చు. డాక్టరుగారు పరీక్షించి మళ్ళీ మందులు మొదలుపెట్టారు. ఆ రోజు నుండి రంగు సంగతి చెప్పకుండా ఎవరినీ ఇంటికి పంపలేదు.

మీరు చేయవలసినవి

1. విద్యార్థి పేరు, వెంట ఉన్న నర్సు లేక డాక్టరు ఎవరో అడగండి.

2. మందు మానేసినా, నాటుమందు వాడుతున్నా దాచకండి. అప్పు, తిండి ఇబ్బంది కూడా చెప్పండి.

3. విద్యార్థి మాటమీదనే మందు మార్చవద్దు, మానవద్దు. నర్సును గాని డాక్టరును గాని అడగండి.

4. కళ్ళు పచ్చబడినా, వాంతులు ఆగకపోయినా వెంటనే ఆసుపత్రికి రండి.

5. పరీక్షించడం ఇష్టం లేకపోతే "వద్దు" అనండి. అందువల్ల మీ వైద్యం తగ్గకూడదు. మీ ఇంటి విషయాలు ఊరిలో చెప్పుకోకుండా ఉండడం వారి బాధ్యత.

మీ వాకిట్లో వేసిన చాపమీద కూర్చుని నేర్చుకున్నది వారు మరచిపోరు. రేపు మరొక తల్లికి అది పనికివస్తుంది.