ముందు తలుపు బట్టల మిషన్ – కొనే ముందు చదవండి



బట్టలు ఉతకడం చిన్న పని కాదు. నానబెట్టాలి. సబ్బు రుద్దాలి. బండ మీద బాదాలి. జాడించాలి. పిండాలి. ఆరేయాలి. నడుము గుంజుతుంది. చేతులు పగులుతాయి. తొర్రూరుకు దగ్గరలోని పాలకుర్తిలో చాకలి ఐలమ్మ బతికింది. దొరల ఇళ్ళల్లో వెట్టికి బట్టలు ఉతకడం ఎంత కష్టమో ఆ తరం వాళ్ళకు బాగా తెలుసు.

ఇప్పుడు ఈ కష్టాన్ని తగ్గించే మిషన్లు వచ్చాయి. తొర్రూరు లాంటి చిన్న పట్నాల్లో కూడా వాటిని కొంటున్నారు. అందులో ఒక రకం ముందు తలుపు మిషన్. దుకాణంలో దీన్నే 'ఫ్రంట్ లోడ్' అంటారు. ధర సుమారు 25 వేల రూపాయల నుంచి 40 వేల దాకా ఉంటుంది. ఇంకా ఎక్కువ ధరవీ ఉన్నాయి.

అంత డబ్బు ఊరికే రాదు. పత్తి ఏరి కూడబెట్టిన పైసలు కావచ్చు. సంఘంలో తీసుకున్న అప్పు కావచ్చు. కాబట్టి రంగు చూసి కొనవద్దు. మనకు చదవడం వచ్చింది. లెక్క వచ్చింది. చదివి, లెక్క చూసి కొనాలి.

మిషన్ ఎట్లా పని చేస్తుంది?

మిషన్ లోపల స్టీలు డోలు ఉంటుంది. అది అడ్డంగా పడుకొని ఉంటుంది. డోలు తిరిగినప్పుడు బట్టలు పైకి లేస్తాయి. మళ్ళీ కింద పడతాయి. మనం బండ మీద బాదినట్టే అన్నమాట. అందుకే దీనికి నీళ్ళు తక్కువ చాలు. పై మూత మిషన్‌కు దాదాపు రెట్టింపు నీళ్ళు కావాలి. బట్ట కూడా తక్కువ అరుగుతుంది. కాని ధర ఎక్కువ. ఒకసారి ఉతకడానికి గంట నుంచి రెండు గంటలు పడుతుంది.

ముందు మన నీళ్ళు చూసుకోవాలి

ఈ మిషన్‌లోకి నీళ్ళు నల్లా నుంచి పైపు ద్వారా రావాలి. బక్కెట్‌తో పోసే వీలు లేదు. నీళ్ళు జోరుగా రావాలంటే ట్యాంకు ఎత్తు మీద ఉండాలి. చాలా మిషన్లకు ట్యాంకు కనీసం 10 అడుగులు పైన ఉండాలి. ఈ ఎత్తు మిషన్ నుంచి కొలవాలి, నేల నుంచి కాదు. ట్యాంకు లేని ఇంటికి, గంటసేపు మాత్రమే నల్లా వచ్చే ఇంటికి ఈ మిషన్ సరిపడదు. అటువంటి ఇంటికి రెండు తొట్ల మిషన్ మేలు. దానిలో బక్కెట్‌తో నీళ్ళు పోసుకోవచ్చు. ధర కూడా తక్కువ.

ఇంకొక సంగతి. మీ బోరు నీళ్ళు కాగబెడితే గిన్నెకు తెల్లటి పొర పడుతుందా? సబ్బు నురగ సరిగా రాదా? అయితే అవి ఉప్పు నీళ్ళు. పుస్తకాల్లో వీటిని కఠిన జలం అంటారు. గిన్నెకు పట్టే పొర మిషన్ లోపల కూడా పడుతుంది. హీటర్ పాడవుతుంది. బోరు నీళ్ళు ఇట్లా ఉంటే మిషన్‌కు మిషన్ భగీరథ నీళ్ళు వాడడం మంచిది. లేదంటే పొర పోగొట్టే పొడి అప్పుడప్పుడు వేయాలి.

కరెంటు లెక్క

ఈ మిషన్లలో చాలా వాటికి నీళ్ళు కాగబెట్టే హీటర్ ఉంటుంది. కరెంటు ఎక్కువ తినేది మోటారు కాదు, హీటరే. 1000 వాట్ల వస్తువు ఒక గంట నడిస్తే 1 యూనిట్ కాలుతుంది. హీటర్ 2000 వాట్లు ఉంటే అరగంటకే 1 యూనిట్. చల్లటి నీళ్ళతో ఉతికితే ఒక్కసారికి సుమారు పావు యూనిట్ చాలు.

ఇది మనకు ఎందుకు ముఖ్యం? 2024 మార్చి నుంచి తెలంగాణలో గృహజ్యోతి పథకం ఉంది. అర్హత ఉన్న ఇంటికి నెలకు 200 యూనిట్ల దాకా బిల్లు లేదు. 200 దాటితే ఆ నెల బిల్లు మొత్తం మనమే కట్టాలి.

ఒక ఇంట్లో నెలకు 185 యూనిట్లు కాలుతున్నాయి అనుకుందాం. నెలలో 20 సార్లు మిషన్ వేశారు.

వేడి నీళ్ళతో: 185 + 20 = 205 యూనిట్లు. బిల్లు కట్టాలి.
చల్లటి నీళ్ళతో: 185 + 5 = 190 యూనిట్లు. బిల్లు లేదు.

మిషన్ ఒక్కటే. బటన్ నొక్కడంలోనే తేడా. రోజూ కట్టే బట్టలకు చల్లటి నీళ్ళు చాలు. పసిపిల్లల బట్టలకు, రోగం వచ్చిన వాళ్ళ దుప్పట్లకు వేడి నీళ్ళు పెట్టండి.

మిషన్ మీద నక్షత్రాల చీటీ ఉంటే చూడండి. 5 నక్షత్రాలు ఉంటే కరెంటు తక్కువ తింటుంది.

ఎన్ని కిలోల మిషన్?

7 కిలోల మిషన్ అంటే 7 కిలోల పొడి బట్టలు పడతాయని అర్థం. నలుగురు ఉన్న ఇంటికి 6 లేక 7 కిలోలది చాలు. బొంతలు, రగ్గుల కోసమని పెద్దది కొనవద్దు. అవి ఏడాదికి రెండు మూడు సార్లే ఉతుకుతాం. ఊళ్ళో చాకలి వాళ్ళకు ఇస్తే వాళ్ళకూ నాలుగు పైసలు వస్తాయి.

బట్టలు పిండే వేగం కూడా చెబుతారు. 1000, 1200, 1400 అని ఉంటుంది. నిమిషానికి డోలు అన్ని చుట్లు తిరుగుతుంది. ఎండ రాని ఇళ్ళకు ఎక్కువ వేగం కావాలి. మన ఎండకు 1000 చాలు.

దుకాణంలో

ఒక అక్క మిషన్ కొనడానికి పోయింది. వాళ్ళ మాటలు చదవండి.

"అన్నా, ఇది ఎంత?"

"28 వేలు అక్కా. ఇయ్యాల 3 వేలు కట్టి తీస్కపో. మిగిలినయి నెలకు 2,400. 12 నెలలు. వడ్డీ లేదు."

"ఆగన్నా, రాసుకుంటా. ఈ కాయిదం మీద 500 అని ఇంకోటి ఉన్నది. అదేంది?"

"అది ఫైనాన్సోళ్ళ ఖర్చు అక్కా."

అక్క సంచిలో నుంచి పెన్ను తీసింది. ఇట్లా రాసింది.

ముందు కట్టేది: 3,000
కిస్తులు: 2,400 × 12 = 28,800
ఖర్చు: 500
మొత్తం: 32,300

"అన్నా, 4,300 ఎక్కువ పడుతున్నయి. వడ్డీ లేదంటివి. మరి ఇవి ఏంది?"

దుకాణదారు నవ్వి ఊరుకున్నాడు.

"సరే. గ్యారంటీ ఎన్నేండ్లు?"

"పదేండ్లు అక్కా!"

"కార్డు ఇయ్యి, చదువుతా. మోటారుకు పదేండ్లు. మిషన్ మొత్తానికి రెండేండ్లే. ఖరాబైతే మెకానిక్ తొర్రూరుకు వస్తడా? వరంగల్ నుంచి రావాల్నా? వచ్చినందుకు పైసలు తీసుకుంటడా? ఇవన్నీ చెప్పు. తర్వాత కొంటా."

చూశారా! ఆ అక్క గట్టిగా అరవలేదు. కొట్లాడలేదు. చదివింది. లెక్క వేసింది. అడిగింది.

ఇంటికి వచ్చిన తర్వాత

1. మిషన్ వెనుక పెద్ద బోల్టులు ఉంటాయి. లారీలో కదలకుండా వాటిని బిగిస్తారు. నడిపే ముందు తప్పకుండా తీయించాలి. లేకపోతే మిషన్ దడదడ ఎగురుతుంది, పాడవుతుంది.
2. నేల సమంగా ఉండాలి.
3. మూడు పిన్నుల పెద్ద సాకెట్ ఉండాలి. ఎర్త్ తప్పనిసరి. ఎర్త్ లేకపోతే షాక్ కొట్టవచ్చు. తడి చేతులతో ప్లగ్గు ముట్టవద్దు.
4. ముందు తలుపు మిషన్ కోసం చేసిన పొడినే వాడాలి. మామూలు పొడి వేస్తే నురగ పొంగుతుంది. బట్టలు సరిగా ఉతకవు.
5. జేబుల్లో చిల్లర, పిన్నులు లేకుండా చూడాలి.
6. ఉతికిన తర్వాత తలుపు రబ్బరు తుడవాలి. తలుపు కాసేపు తెరిచి ఉంచాలి. లేకపోతే వాసన వస్తుంది. ఆ సమయంలో చిన్న పిల్లలు లోపలికి దూరకుండా కనిపెట్టి ఉండాలి.

మోసం జరిగితే

బిల్లు తప్పక తీసుకోవాలి. గ్యారంటీ కార్డు మీద తేదీ, దుకాణం ముద్ర వేయించాలి. రెండూ ఇనుప పెట్టెలో దాచాలి. పెట్టె మీద రాసిన ధర కన్నా ఎక్కువ అడిగితే అది నేరం.

మిషన్ పాడైతే, ఎవరూ పట్టించుకోకపోతే, 1915 నంబరుకు ఫోన్ చేయండి. అది వినియోగదారుల కోసం పెట్టిన నంబరు. జిల్లా వినియోగదారుల కమిషన్‌లో కూడా ఫిర్యాదు చేయవచ్చు. 5 లక్షల లోపు వస్తువుకు ఫీజు లేదు. రెండేళ్ళ లోపు ఫిర్యాదు చేయాలి. ఈ హక్కు మనకు 2019 చట్టం ఇచ్చింది. కాని బిల్లు లేకపోతే మన మాట నిలబెట్టుకోవడం కష్టం.

ఒక్క మాట. మిషన్ వచ్చినా బట్టలు వేసేది, తీసేది, ఆరేసేది ఎవరు? బటన్ నొక్కడం మగవాళ్ళకూ వస్తుంది. మొదటి రోజే నేర్పండి.

కొత్త మాటలు

వినియోగదారు – వస్తువు కొని వాడుకునే మనిషి
కిస్తు – వాయిదా ప్రకారం కట్టే డబ్బు
ఎర్త్ – షాక్ కొట్టకుండా కరెంటును భూమిలోకి పంపే తీగ

లెక్క చేయండి

మిషన్ ధర 26,000 రూపాయలు. ముందు 2,000 కట్టాలి. తర్వాత నెలకు 2,200 చొప్పున 12 నెలలు. మొత్తం ఎంత? ధర కన్నా ఎంత ఎక్కువ?

సంఘంలో మాట్లాడుకోండి

1. మీ ఇంటి కరెంటు బిల్లు తెచ్చుకోండి. పోయిన నెల ఎన్ని యూనిట్లు కాలాయి? పైకి చదవండి.
2. మీ ఇంటి నీళ్ళకు ఏ మిషన్ తగినది? లేక ఇప్పుడే అక్కరలేదా?
3. మీ ఇంట్లో పెద్ద వస్తువు కొనేటప్పుడు ఎవరి మాట చెల్లుతుంది? ఆ వస్తువు వాడేది ఎవరు?