మూసిన వాకిలి ముందు వకీలు

పరీక్ష రుసుము కట్టుటకు విజయనగరములోనో, శ్రీకాకుళములోనో నెట్ సెంటరునకు పోయిన విద్యార్థికి ‘502 బ్యాడ్ గేట్‌వే’ అను మాట తెరపై కనుపించుట క్రొత్త కాదు. రుసుము ముట్టినదా, లేదా? మరల నొక్కవలెనా? మా విద్యార్థి యొకడు మరల నొక్కి, రెండుమారులు సొమ్ము పోగొట్టుకొని, దానిని రాబట్టుటకు నెలల తరబడి తిరిగెను. మేము తెలుగు బోధించువారమే యైనను, ఇందలి చిక్కు ఒక సంభాషణలోని చిక్కే గనుక ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాము.

ప్రాక్సీ సర్వరును అరబ్బీలో ‘వకీల్’ అను మాటతోనే పిలుతురు. మన కోర్టులు ఎరిగిన వకీలే. మన పక్షమున లోపలికి పోయి మాటాడువాడు. 2004లో వెలువడిన ఎంజిన్‌-ఎక్స్ అట్టిది. ప్రతి ప్రశ్నకును వెనుకనున్న అసలు సర్వరుతో క్రొత్త సంబంధము కల్పించుకొనుట ఆలస్యము. అందుచే ఒకసారి తెరచిన దారిని మూయక అట్టిపెట్టుకొనుట కలదు.

అయితే లోపలివాని గడువు వానిది. అపాచీ సర్వరు సాధారణముగా 5 సెకండ్లు ఊరకున్న దారిని మూయును. ఎంజిన్‌-ఎక్స్ అదే దారిని 60 సెకండ్లు నిలుపుకొన జూచును. మూయునపుడు ‘ఫిన్’ అను సంకేతము వచ్చును. తాను చెప్పవలసినది ముగిసినదని దాని అర్థము. అది తీరికవేళ అందినచో వకీలు ఆ దారిని విడిచి వేరొకటి తెరచును. మనకు తెలియనే తెలియదు. కాని ఆ సంకేతము త్రోవలో నుండగనే మన అభ్యర్థన ఎదురుగా బయలుదేరినచో, ‘రీసెట్’ అను తిరస్కారము వచ్చును. సర్వరు పని ముగించి, జవాబిచ్చుటకు ముందే కూలినను వకీలునకు కనుపించునది ఇంచుమించు ఇదే. లోపల పని జరిగినదో లేదో అతడెట్లు చెప్పగలడు?

మార్కులు చూపుమను ‘గెట్’ అభ్యర్థనను ఎన్నిమారులు పంపినను నష్టము లేదు గనుక, దానిని మరల పంపవచ్చును. రుసుము కట్టు ‘పోస్ట్’ అట్టిది కాదు. దానిని ప్రాక్సీ తనంత తాను మరల పంపరాదని 2022 నాటి హెచ్.టి.టి.పి. ప్రమాణము శాసించుచున్నది, ఎంజిన్‌-ఎక్స్ 2016 నుండియే ఈ జాగ్రత్త పాటించుచున్నది. అపుడు మనకు దక్కునది 502. అనగా ‘జరుగలేదు’ అని కాదు, ‘సరియైన జవాబు రాలేదు’ అని.

జవాబు సగము వచ్చి తెగుటయు కలదు. ‘200’ అని ముందే చెప్పిన వకీలు మాట మార్చుకొనలేడు. హాల్ టికెట్టు సగములో ఆగిపోవును. ఇక, 2018 అక్టోబరు 11న పలాస సమీపమున తీరము దాటిన తిత్లీ తుఫానువంటి వేళ తీగలే తెగినచో ఫిన్ లేదు, రీసెట్ లేదు, మౌనమే. గడువువరకు వేచి వకీలు ‘504’ అనును.

ప్రాక్సీ గడువును లోపలి సర్వరు గడువుకంటె తక్కువగా నుంచినచో ఈ చిక్కు చాలవరకు తగ్గును. ప్రతి చెల్లింపునకు ఒక ప్రత్యేక సంఖ్య నిచ్చి, అదే సంఖ్య రెండవమారు వచ్చినపుడు సొమ్ము తీసికొనకుండునట్లు చేయుట అంతకంటె మేలు. ఆ ఏర్పాటు ఉన్నదో లేదో విద్యార్థికి తెలియదు గనుక, 502 కనుపించినపుడు మొదట బ్యాంకు సందేశమును, పిదప దరఖాస్తు స్థితిని చూచి, అటుపిమ్మటనే మరల నొక్కవలెను.