మంచుకొండల బాట

భారతదేశమునకు ఉత్తరదిక్కున హిమాలయములు పెట్టనికోటవలె నిలిచియున్నవి. కాశికి పోయినవాడును కాటికి పోయినవాడును ఒక్కటే యని మన పెద్దలు చెప్పుకొను దినములలో, ఆ కొండలను కన్నులార చూచిన తెలుగువారు బహు కొలదిమంది. నేడు అట్లు కాదు. సికిందరాబాదు స్టేషనులో రైలెక్కిన మిత్రబృందము మరునాటికి ఢిల్లీ చేరును. అచ్చటినుండి మోటారుబండిలో ఐదువందల కిలోమీటర్లకు పైగా పోయినచో మనాలి పట్టణము కనబడును.

మండి పట్టణము దాటిన పిదప బాట బియాస్ నదిని అంటిపెట్టుకొని సాగును. ఈ నదికి ప్రాచీననామము విపాశ. పుత్రశోకము భరింపలేక వసిష్ఠమహర్షి తన దేహమును త్రాళ్లతో బంధించుకొని ఈ నదిలో దుమికెననియు, నది ఆ పాశములను విడదీసి ఆయనను ఒడ్డునకు చేర్చెననియు మహాభారతకథ. పాశములు విప్పినది గనుక విపాశ యైనది.

మనాలికి పైన రోహతాంగ్ కనుమ కలదు. దాని ఎత్తు సుమారు 3,980 మీటర్లు. శీతకాలమున మంచు ఈ కనుమను మూసివేయుటచే ఆవలనున్న లాహుల్ లోయవారికి బాహ్యప్రపంచముతో రాకపోకలు నెలల తరబడి నిలిచిపోయెడివి. 2020 అక్టోబరు 3వ తేదీన ప్రారంభమైన 9.02 కిలోమీటర్ల అటల్ సొరంగముతో ఆ కష్టము చాలవరకు తీరెను. సొరంగమునకు ఈవల దేవదారు వనములు, ఆవల చెట్టుచేమ లరుదైన బూడిదరంగు కొండలు! వర్షమేఘములు పర్వతములకు అడ్డుపడి ఈవలనే కురిసిపోవుటయే ఇందులకు కారణము.

తాండివద్ద చంద్ర, భాగ అను రెండు నదులు కలిసి చంద్రభాగయై, దిగువను చినాబ్ అను పేర ప్రవహించును. అటుపిమ్మట బారాలాచా కనుమ, ఇరువదియొక్క మెలికలు తిరిగిన గాటా మలుపులు, 5,300 మీటర్ల ఎత్తుననున్న తాంగ్లాంగ్ కనుమ వరుసగా వచ్చును. అది దాటిన పిదప బాట ఉప్షివద్ద సింధునదిని కలిసి లేహ్ నగరము చేరును. 1960లో ఏర్పడిన సరిహద్దు రహదారుల సంస్థ ఇట్టి బాటలను కాపాడుచున్నది. జార్ఖండువంటి దూరప్రాంతములనుండి వచ్చిన కూలీలు చలిలో రాళ్లు కొట్టి, మంచు త్రవ్వి దారి నిలుపుచున్నారు. బండిలో కూర్చుండి పోవువారు వారిని మరువరాదు.

ఈ ప్రయాణమున రెండు అపాయములు కలవు. మొదటిది గాలి. సికిందరాబాదు సముద్రమట్టమునకు సుమారు 540 మీటర్ల ఎత్తున నున్నది. తాంగ్లాంగ్ కనుమ దానికి దాదాపు పదిరెట్ల ఎత్తు. అచ్చట వాయుపీడనము సముద్రతీరమున నుండుదానిలో ఇంచుమించు సగమే. దేహము ఆ గాలికి అలవాటుపడుటకు వ్యవధి కావలెను. త్వరపడి ఎక్కినవారికి తలనొప్పి, వాంతి, ఆయాసము కలుగును. ఇవి ముదిరినచో క్రిందికి దిగుటయే ముఖ్యమైన చికిత్స. తోడివారు నవ్వుదురని బాధను దాచుకొనువాడు తనకే కాక బృందమునకెల్ల చిక్కు తెచ్చును.

రెండవది నీరు. మంచునదులు ఉదయమున సన్నగా పారి, ఎండకు మంచు కరగిన కొలది సాయంకాలమునకు పొంగును. అందుచే అనుభవజ్ఞులు బాటకు అడ్డముగా పారు వాగులను ప్రొద్దుననే దాటుదురు. ఆనకట్టలున్న చోట మరియొక ప్రమాదము కలదు. ఆకాశమున మబ్బు లేకున్నను, తలుపులెత్తి నీరు వదలినచో నది క్షణములలో ఉప్పొంగును.

2014 జూన్ 8వ తేదీన ఈ సత్యము తెలుగునాటిని శోకమున ముంచెను. హైదరాబాదునందలి ఒక ఇంజనీరింగు కళాశాల విద్యార్థులు మనాలికి పోవుచు, మండి జిల్లా థలౌట్‌వద్ద బియాస్ నదిలోని రాళ్లపై నిలిచి ఛాయాచిత్రములు తీసికొనుచుండిరి. ఎగువనున్న లార్జీ ఆనకట్టనుండి వదలిన నీరు వారిని చుట్టుముట్టెను. 24 మంది విద్యార్థులు కొట్టుకొనిపోయి ప్రాణములు కోల్పోయిరి. వారి వెంటనున్న యాత్రానిర్వాహకుడొకడును మరణించెను. వసిష్ఠుని పాశములు విప్పిన నదియే ఎందరో తల్లిదండ్రులకు తీరని పుత్రశోకమును మిగిల్చెను. ఆ పిల్లలను నిందించుట న్యాయము కాదు. నీరు వచ్చుచున్నదని వారికి తగిన హెచ్చరిక అందలేదు. పిల్లలను కొనిపోవువారికిని, నీరు వదలువారికిని జాగ్రత్త వహించు బాధ్యత కలదు.

ఆ దుర్ఘటనకు సరిగా పదునాలుగు దినములు ముందు, 2014 మే 25వ తేదీన, ఇరువురు తెలుగుపిల్లలు ఎవరెస్టు శిఖరము నెక్కిరి. ఒకరు నిజామాబాదు జిల్లా పాకాల గ్రామమునకు చెందిన మాలావత్ పూర్ణ. వేరొకరు ఖమ్మం జిల్లాకు చెందిన సాధనపల్లి ఆనంద్ కుమార్. ఇరువురును సాంఘికసంక్షేమ గురుకుల విద్యార్థులు. అప్పటికి పూర్ణ వయస్సు 13 సంవత్సరముల 11 నెలలు. వారు భువనగిరి బండపై త్రాడు పట్టుట నేర్చి, పిదప డార్జిలింగులోను, లడఖులోను చలికిని పలుచని గాలికిని అలవాటుపడిరి. నెలల తరబడి గురువుల పర్యవేక్షణలో శిక్షణ పొందిన పిమ్మటనే శిఖరమున కాలు మోపిరి.

ఒకే వేసవిలో ఒకే పర్వతశ్రేణి మనవారికి గర్వమును, దుఃఖమును ఇచ్చెను. కొండకు ఎవరియందును పక్షపాతము లేదు. దాని స్వభావము నెరిగి నడచువారికి అది దారి యిచ్చును. కావున మంచుకొండలకు పోదలచిన మిత్రులు, ఏ నది ఎగువను ఆనకట్ట యున్నదో ముందుగా తెలిసికొనవలెను. స్థానికులు వలదన్న నీటిలో దిగరాదు. తమలో బలహీనుడు నడువగలిగినంత వేగముతోనే అందరును నడువవలెను. బయలుదేరినవారందరును క్షేమముగా ఇల్లు చేరినప్పుడే యాత్ర సఫలమైనట్లు.