శాసన లేఖనమున స్పష్టత్వము: దక్షిణ తెలంగాణ భూమి కాగితముల పరిశీలన

కౌటిల్యుడు అర్థశాస్త్రము రెండవ అధికరణమున శాసనాధికార ప్రకరణమును రచించుచు రాజలేఖకు ఆరు గుణములను విధించెను. అర్థక్రమము, సంబంధము, పరిపూర్ణత, మాధుర్యము, ఔదార్యము, స్పష్టత్వము అని వాని పేర్లు. తుది గుణమునకు ఆయన చెప్పిన లక్షణము ప్రతీతమైన శబ్దములను వాడుటయే. ప్రతీతి యెవరికి అని ప్రశ్నించినచో, శాసనము నందుకొనువానికి అని తప్ప వేరు సమాధానము పొసగదు. లేఖకునకు తెలిసినంతమాత్రమున ఆ గుణము సిద్ధింపదు. రాజలేఖలోని ఒక పదము అర్థము కాకపోవుటచేత భూమి చేజారునట్టి స్థితి నేటికిని తొలగలేదు గనుక ఈ విషయము విచారణీయము. 2016లో విభజింపబడుటకు మునుపటి నల్లగొండ, మహబూబునగరు జిల్లాలు ఈ పరిశీలనకు మిక్కిలి అనువైన క్షేత్రములు.

నిజాము రాజ్యమున పాలనాభాష తొలుత ఫారసీ, పిదప ఉర్దూ. ప్రజల మాట తెలుగు. 1922లో నల్లగొండనుండి వెలువడిన నీలగిరి పత్రిక, 1926లో పాలమూరు జిల్లావాడైన సురవరం ప్రతాపరెడ్డి గారు స్థాపించిన గోలకొండ పత్రిక ఈ యెడమును పూడ్చుటకు పాటుపడినవి. కాని భూమి లెక్కలలోని పదములు పత్రికల కోసము వేచియుండలేదు. సేత్వారు, పహాణీ, విరాసతు, కౌలు, శికము మున్నగునవి అక్షరము రాని రైతు నోటను స్థిరపడినవి. 1954-55 నాటి ఖాస్రా పహాణీని నేటికిని భూవివాదములలో ముఖ్యమైన ఆధారముగా చూపుచున్నారు. ఆ రెండు మాటల అర్థమును ఈ సీమ రైతునకు ఎవరును బోధింపనక్కరలేదు. వీనిలో కొన్నింటి వ్యుత్పత్తి రమణీయము. ఫారసీలో శికమనగా కడుపు. చెరువు నీరు నిలుచు లోపలి నేల చెరువు కడుపే గదా! పట్టాదారుని పేరు క్రింద ఇమిడియున్న భాగస్వామి శిక్మీదారు; వాడును ఆ కడుపులోనివాడే. కౌలు అరబీ శబ్దము. దానికి మూలార్థము మాట, అనగా ఇచ్చిన మాట.

ఇట్టి పదములను చూచినంతనే వానిని తొలగించి సంస్కృత సమాసములను కూర్చవలెనను ఉత్సాహము పండితులకు కలుగుట సహజము. ఆ ఉత్సాహమునకు మన శాస్త్రము అనుమతి నొసగదు. పూర్వమీమాంసలో ప్రథమాధ్యాయ తృతీయపాదమున పికనేమాధికరణమున్నది. వేదమునందు పిక, నేమ, సత, తామరస శబ్దములు కనబడును. ఆర్యవ్యవహారమున వానికి ప్రసిద్ధి లేదు, మ్లేచ్ఛవ్యవహారమున కలదు. నిగమనిరుక్తాదుల సాయమున క్రొత్త అర్థమును కల్పింపవలెనా, మ్లేచ్ఛప్రసిద్ధమైన అర్థమును గ్రహింపవలెనా అని సంశయము. వాడుకరుల ప్రసిద్ధినే గ్రహింపవలెనని సిద్ధాంతము. వేదార్థనిర్ణయమునకే చెల్లిన న్యాయము పహాణీ విషయమున చెల్లదనుట యెట్లు? కోస్తా జిల్లాలవారికి అడంగలు ఎట్లో ఇచటివారికి పహాణీ అట్లు. దానిని తొలగించి “క్షేత్రానుభవపత్రిక” యని యొకరు నామకరణము చేసినచో అది వ్యాకరణశుద్ధమే యగును. కాని దేవరకొండ రైతు ఆ కాగితమును తనది కాదని ప్రక్కన పెట్టును. రూఢి యోగముకంటె బలవత్తరమని తర్కపాఠము చెప్పినవారు ఈ ప్రమాదమును ముందుగా గుర్తింపవలసినవారు.

అట్లని సంస్కృతపదమెల్ల దురూహమనుట సరికాదు. 1951 ఏప్రిల్ 18న పోచంపల్లిలో వినోబాభావే కోరికపై వెదిరె రామచంద్రారెడ్డి గారు భూమి నిచ్చినప్పుడు భూదానమను పదము ఊరూర వ్యాపించినది. వస్తువు కంటికి కనబడినది గనుక పదము చెవి కెక్కినది. పట్టాదారు పాసుపుస్తకమను మాటను చూడుడు. సంస్కృత పట్టశబ్దము, ఫారసీ ప్రత్యయము, ఆంగ్లపదము, మరల సంస్కృతము! వైరిసమాసములను నిందించువారికి ఇది నిద్ర పట్టనీయని కూర్పు. అయినను 1971 నాటి చట్టము పేరులో చేరి, జనుల కర్థమగుచునే యున్నది. మరియొకవైపు, ఫారసీ పదమైనంతమాత్రమున ప్రతీతమనియు చెప్పరాదు. ఖారిజ్ ఖాతా యన్నచో వృద్ధులకు తెలియును, వారి మనుమలకు తెలియదు. కనుక పరీక్షింపవలసినది పదము పుట్టుక కాదు, నేటి ప్రతీతి.

పదముకంటె మిక్కిలి కీడు చేయునది అంకె. 1950 నాటి హైదరాబాదు కౌలుదారీ చట్టమున రక్షిత కౌలుదారునకు యాజమాన్యమును సంక్రమింపజేయు నియమము 38-ఇ. రిజిస్ట్రేషను నిషిద్ధమైన భూములను తెలుపు నియమము 22-ఎ. 2017లో మొదలైన భూరికార్డుల ప్రక్షాళనలో వివాదమున్న భూములను పార్టు-బి యని వేరుచేసిరి. “మా భూమి పార్టు-బిలో పడ్డది” అని రైతు చెప్పగలడు. ఎందుకు పడినదని అడిగినచో చెప్పలేడు. ఆ కారణము ఆ అక్షరమున లేదు. సంజ్ఞలు శాస్త్రమున లాఘవము కొరకు ఏర్పడినవి. వృద్ధిసంజ్ఞను పాణిని మొదట నిర్వచించి పిదప వాడెను. నిర్వచనము చెప్పక సంజ్ఞను మాత్రము రైతు చేతి కిచ్చుట ఏ సూత్రకారుడును చేయని పని.

వాక్యము సంగతి మరింత చింత్యము. శాబ్దబోధకు ఆకాంక్ష, యోగ్యత, సన్నిధి కారణములు. నోటీసులు సామాన్యముగా ఈ తీరున నుండును: “సదరు సర్వే నంబరులోని ఆక్రమణ అనధికారికమైనదని ప్రాథమికముగా నిర్ధారింపబడినందున, ఈ నోటీసు అందిన 15 దినములలోగా లిఖితపూర్వకముగా సంజాయిషీ సమర్పింపబడని యెడల ఏకపక్షముగా ఉత్తర్వులు జారీచేయబడునని ఇందుమూలముగా తెలియజేయడమైనది.” ఇందు కర్త ఎక్కడను లేడు. ఎవరు నిర్ధారించిరి? ఎవరు ఉత్తర్వు చేయుదురు? కర్మణి ప్రయోగమున కర్త అనుక్తుడైనను తృతీయావిభక్తితోనైన చెప్పవచ్చును. ఇచట అదియును లుప్తము. ఎవరియొద్దకు పోవలెనో తెలియక రైతు 15 దినములు గడపును, గడువు దాటును. ఏకపక్షమనగా అతని కర్థమగునది అన్యాయముగా అని. తన మాట వినకయే అని కాదు. దీనినే “మీ పొలం ప్రభుత్వ భూమి అని తహసీల్దారు మొదటి విచారణలో అనుకుంటున్నారు. కాదంటే, ఈ నోటీసు అందిన 15 రోజుల్లో ఆయనకు జవాబు రాసివ్వండి. ఇవ్వకపోతే మీ మాట వినకుండానే ఆయన నిర్ణయం చేస్తారు” అని వ్రాసినచో న్యాయబలము తరుగదు. వాక్యములు మూడైనవి, కర్త కనబడినాడు, అంతే.

చట్టముల విషయమున వేరొక చిక్కు కలదు. 1966లో అధికార భాషా చట్టము వచ్చినది. 1974లో వావిలాల గోపాలకృష్ణయ్య గారు అధ్యక్షులుగా అధికార భాషా సంఘము ఏర్పడినది. కాని రాజ్యాంగము 348వ అధికరణమును బట్టి శాసనములకు ఆంగ్లపాఠమే ప్రమాణము. అందుచేత తెలుగు చట్టము మూలము కాక ఛాయగా మిగిలినది. ఆంగ్లవాక్యపు అంతర్వాక్యములన్నియు విభక్తులు పెనవేసికొని తెలుగులోనికి దిగుటకు ఇదియే హేతువు. 2023లో తెలంగాణ ఉన్నత న్యాయస్థానము ఒక ఆస్తివివాదమున తెలుగులో తీర్పు వెలువరించుట ఈ స్థితిలో గమనింపదగిన విశేషము.

2025లో వచ్చిన భూభారతి చట్టము తెల్లకాగితముపై జరిగిన పాత కొనుగోళ్లకు సంబంధించి నిలిచిపోయిన దరఖాస్తులను పరిష్కరించుటకు వీలు కల్పించినది. ఆ కాగితమును జనులు సాదాబైనామా యందురు. ఫారసీ సాదా అనగా ఏమియు లేనిది, అరబీ బై అనగా అమ్మకము. దానిని చట్టబద్ధము చేయుటకు కార్యాలయములు వాడు మాట క్రమబద్ధీకరణ. సాదాబైనామా రైతుకు తెలియును. క్రమబద్ధీకరణమను పొడుగు మాట దరఖాస్తు పెట్టిన పిదప తెలియును. “పక్కా చేయుట” యని జనులు ముందే చెప్పుచున్నారు. ప్రాచ్య కళాశాలల విద్యార్థులు ఆలంపురము, అచ్చంపేట, దేవరకొండ, హుజూర్‌నగరు ప్రాంతములలో ఇట్టి మాటలను వాడుకరుల నోటినుండి సేకరించి, ఒక్కొక్కదాని ప్రక్కన కార్యాలయ పదమును చేర్చి అకారాదిగా కూర్చినచో, నోటీసు వ్రాయు గుమాస్తా బల్లపై ఉంచుకొనదగిన చిన్న నిఘంటువు సిద్ధమగును.