నెట్‌వర్క్ కబుర్లకు కళ్లెం

పెద్ద ఆఫీసుల్లో వందల కంప్యూటర్లు, రౌటర్లు, స్విచ్‌లు కలిసి పనిచేస్తుంటాయి. ఏది నడుస్తున్నదో, ఏది ఆగిందో కనిపెట్టి చెప్పేదే నెట్‌వర్క్ మానిటరింగ్ సాఫ్ట్‌వేర్. చెప్పడమే దాని పని కదా, ఎక్కువ చెబితే నష్టమేమిటి అనిపించవచ్చు.

ఒక కేబుల్ కొస వదులైందనుకోండి. లింకు నిమిషానికి పదిసార్లు పోతుంది, పదిసార్లు వస్తుంది. స్విచ్ ప్రతిసారీ ఒక సందేశం పంపితే గంటకు 1,200. రాత్రి డ్యూటీ మనిషి ఓ ఇరవై చదివి, ఫోను సైలెంట్‌లో పెడతాడు. అతన్ని తప్పు పట్టలేం. సరిగ్గా అప్పుడే అసలు సర్వరు ఆగిపోతే ఆ ఒక్క కబురు గుంపులో కలిసిపోతుంది.

దీనికి నాగియోస్ అనే సాఫ్ట్‌వేర్ చేసే ఉపాయం చూద్దాం. 1999లో నెట్‌సెయింట్ పేరుతో వచ్చి, 2002లో పేరు మార్చుకున్నది ఇదే. ఒకసారి జవాబు రాకపోగానే ఇది కంగారుపడదు. మనం చెప్పినన్నిసార్లు మళ్లీ అడిగి చూస్తుంది. ఆపైన ఒక్కో యంత్రానికి చివరి 21 తనిఖీల ఫలితాలు గుర్తుంచుకుంటుంది. 21 ఫలితాల మధ్య 20 మార్పులకే వీలుంది. వాటిలో ఎన్ని జరిగాయో శాతం లెక్కిస్తుంది. పాత మార్పుకన్నా కొత్త మార్పుకు విలువ ఎక్కువ. శాతం పై హద్దు దాటితే 'ఇది ఊగిసలాడుతున్నది' అని ప్రకటించి కబుర్లు ఆపేస్తుంది. కింది హద్దుకంటే తగ్గితేనే మళ్లీ మొదలుపెడుతుంది. రెండు హద్దులెందుకు? 20 శాతమనే ఒకే హద్దు ఉంటే, లెక్క 19కీ 21కీ మధ్య తిరిగినప్పుడు ఆ ప్రకటనే ఊగిసలాడుతుంది!

ఇలాంటి ప్రోగ్రాం ప్రాజెక్టుగా రాసే తమ్ముళ్లూ, చెల్లెళ్లూ ఒకటి గమనించాలి. 'పది సెకన్లకు ఒక్క కబురే, మిగతావి పారేయి' అని రాస్తే తేలికే. కానీ మొదటి సెకనులో లింకు పోయింది, కబురు వెళ్లింది. నాలుగో సెకనులో తిరిగి వచ్చింది, ఆ కబురును పారేశాం. తర్వాత మార్పేమీ లేదు కాబట్టి కబురూ లేదు. లింకు బాగానే ఉన్నా తెరమీద ఎర్రగానే ఉండిపోతుంది. వరుస తిరగబడితే ఇంకా ప్రమాదం: లింకు చచ్చినా పచ్చగానే కనబడుతుంది.

అందుకే తాజా స్థితిని ఒక వేరియబుల్‌లో దాచాలి. గడువు ముగియగానే, ముందు పంపినదానికి అది భిన్నంగా ఉంటే పంపాలి. మధ్య కబుర్లు పోయినా ఫరవాలేదు, చివరిది పోకూడదు. మధ్యలో ఎన్ని మార్పులు జరిగాయో ఆ సంఖ్యనూ జతచేస్తే మరీ మేలు. పది సెకన్లలో ఆరుసార్లు పోయి వచ్చిన లింకు ఇప్పుడు పచ్చగా ఉన్నా, ఆ కేబుల్‌ను తెల్లారేలోగా ఎవరో ఒకరు చూడాల్సిందే.